అరడాలరు సంచీ

మా బ్యాంకు మేనేజరు కర్టిస్ బ్రాండెల్ నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజునే అనుకున్నాను, ఇతని అంతు చూడకపోతే నా పేరు మార్లిస్ కాదని. పందొమ్మిదేళ్ళు ఆ బ్యాంకు కౌంటరు వెనక నిలబడ్డదాన్ని. నా డ్రాయరులో ఒక్క సెంటు తేడా వచ్చిన సాయంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అలాంటిదాన్ని, అక్టోబరు ఆఖరి శుక్రవారం తన గాజు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

“లాబీలో చిల్లర యంత్రం లెక్కపెట్టిన సంచీలు నాలుగు, పెద్దాఫీసు లెక్కలో తక్కువ వచ్చాయి మార్లిస్. ఓసారి ఆరు డాలర్లు, ఓసారి ఎనిమిదిన్నర. నాలుగూ అరడాలర్ల సంచీలే. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి.”

“యంత్రం తప్పు లెక్కపెట్టిందేమో చూపించండి.”

“యంత్రం తప్పు లెక్కపెట్టదు. దానికి వెండి బిళ్ళలు ఏరుకునే మొగుడు లేడు కదా.”

ఆ మాట కౌంటరు దగ్గరున్న జోయెట్ విన్నది. జోయెట్ విన్నదంటే ఊరు విన్నట్టే. ఆ సాయంత్రం, ప్రతి శుక్రవారం ఊరంతా చేరే చేపల విందుకి క్లబ్బుకి వెళ్తే, ఎప్పుడూ మాకు చోటుంచే బల్ల దగ్గర కుర్చీల మీద ఎవరివో కోట్లు పెట్టి ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు.

మా ఆయన డెల్మర్‌కి వెండి పిచ్చి ఉన్నమాట నిజమే. కాగితం మిల్లు మూతపడ్డాక పట్టుకుంది అతనికి. పందొమ్మిది వందల అరవైనాలుగు దాకా కొట్టిన అరడాలర్లు దాదాపు మొత్తం వెండి. ఆ తరవాత ఆరేళ్ళపాటు వచ్చినవాటిలో సగానికి కాస్త తక్కువ. అటు తరవాతవన్నీ ఉత్త రాగీ నికెలూ. మూడు రకాలూ బ్యాంకులో అరడాలరుకే చెల్లుతాయి. అందుకని డెల్మర్‌లాంటి వాళ్ళు ఒక బ్యాంకులో పెట్టెలకి పెట్టెలు కొని, ఇంట్లో బల్ల మీద పోసుకుని, అంచులు చూసి వెండివి ఏరుకుని, మిగతావాటిని ఇంకో బ్యాంకు యంత్రంలో పోసి వస్తారు. అంచున ఎర్రగీత ఉంటే మామూలుది. తెల్లగా ఉంటే వెండి. దాంట్లో దొంగతనమేమీ లేదు. నీటి ఒడ్డున గాలం వేసుకుని కూర్చోవడం ఎలాంటిదో అదీ అలాంటిదే.

పైగా మంచివాడు. నాకు నడుము నొప్పి మొదలైనప్పట్నుంచీ గురువారం సాయంత్రం బ్యాంకు మూసే వేళకి వెనక తలుపు దగ్గరికి వచ్చేవాడు. యంత్రం కింద నిండిన సంచీ ఒక్కొక్కటి యాభై పౌన్లు. నేను పైన కాగితాలు పూర్తిచేసేలోగా వాటిని నేలమాళిగలోకి మోసిపెట్టేవాడు. తరవాత నేను దిగి సీళ్ళు వేసేదాన్ని. బయటి మనిషిని లోపలికి రానివ్వకూడదని రూలుంది. నేను రానిచ్చాను. బ్రాండెల్ నన్ను నిలదీసినప్పుడు కూడా నేను ఆ సంగతి ఎత్తలేదు. నాకు సాయం చేసిన పాపానికి అతన్నెందుకు ఈడ్వడం అని ఊరుకున్నాను.

కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది. నిజమో అబద్ధమో తేలేది. పెట్టకుండా పంపేశారు కాబట్టి జాలిపడి వదిలేశారని ఊళ్ళో ఖాయమైపోయింది.

“పోనీలే మార్లిస్, మర్చిపో,” అన్నాడు డెల్మర్.

“మర్చిపోను. ఆ యంత్రం తప్పుడుదని తేల్చి, ఆ కాగితం తెచ్చి అతని మొహాన కొడతాను. మన ఖాతా ఉంది, మన బిళ్ళలు మనం పోసుకోవచ్చు. లెక్కపెట్టుకుని మరీ పోస్తాను. ఒక్క బిళ్ళ తేడా రానీ, చెప్తా.”

డెల్మర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. “అంటే... పెట్టెలు తెస్తావా?”

“ఎన్ని కావాలంటే అన్ని. దాచుకున్న డబ్బుంది కదా.”

అతని కళ్ళలో వెలుగు వచ్చింది. నా పరువు కోసమే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

నవంబరు నుంచి మొదలుపెట్టాం. మూడు జిల్లాలు తిరిగి పెట్టెలు తెచ్చేవాళ్ళం. ఒక్కో పెట్టెలో వెయ్యి బిళ్ళలు, ఐదు వందల డాలర్లు. వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి డెల్మర్ అంచులు చూసేవాడు. వెండివి తీసి బిళ్ళలు పేర్చుకునే గొట్టాల్లో పెట్టుకునేవాడు. మిగిలినవి నేను లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ఇరవైలుగా పేర్చి, ఒకసారి తూకం వేసి, ఒకసారి ఒక్కొక్కటీ వేలితో జరిపి. మూడు లెక్కలూ కలిస్తేనే బకెట్లో పోసేదాన్ని. ఊరగాయ దోసకాయలు వచ్చే పెద్ద ప్లాస్టిక్ బకెట్టు అది.

మొదటిరోజు బ్యాంకులోకి అడుగుపెట్టేసరికి జోయెట్ తల వంచేసుకుంది. బ్రాండెల్ మాత్రం గాజు గదిలోంచి బయటికి వచ్చి, చేతులు కట్టుకుని యంత్రం పక్కన నిలబడ్డాడు.

“ఏమన్నా తప్పుంటే చెప్పండి మార్లిస్. మేమూ తెలుసుకుంటాం.”

నా బకెట్లో తొమ్మిది వందల ఎనభైమూడున్నాయి. పోశాను. యంత్రం గడగడలాడి చీటీ కక్కింది. నాలుగు వందల తొంభైఒకటిన్నర డాలర్లు. ఒక్క బిళ్ళ తేడా లేదు.

“సరిపోయిందా?” అన్నాడు.

“ఇవాళ్టికి,” అన్నాను.

క్రిస్మస్‌కి పదకొండు పెట్టెలయ్యాయి. పదకొండుసార్లూ సరిపోయింది. వేగంగా పోశాను, నెమ్మదిగా పోశాను, తడి చేతులతో పోశాను. పది సెంట్ల బిళ్ళలు కలిపి పోశాను. దేన్నీ దేనిగానూ పొరబడలేదు ఆ మాయదారి యంత్రం. వెండికి తికమకపడుతుందేమో అనిపించి, ఐదు వెండి బిళ్ళలు కలిపి పోస్తానన్నాను. డెల్మర్ గొట్టాల మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“కావాలంటే నా వేళ్ళు పొయ్యి ఆ యంత్రంలో. వెండి మాత్రం పొయ్యనివ్వను.”

“రెండున్నర డాలర్లు నేనిస్తాలే.”

“రెండున్నరా! ఔన్సు ముప్ఫై డాలర్లు నడుస్తుంటే!”

ఎంతో బతిమాలితే అరిగిపోయినవి ఐదు ఇచ్చాడు. యంత్రం వాటినీ మామూలుగా లెక్కపెట్టేసింది. దానికి వెండి తెలీదు, రాగి తెలీదు. కొలత సరిపోతే చాలు. వంకరపోయినవీ తూటు పడ్డవీ మాత్రం పక్కనున్న తొట్టిలోకి ఉమ్మేసేది. అలాంటివి ఏ బ్యాంకూ తీసుకోదు. డెల్మర్ వాటిని, ఎప్పట్నుంచో అలాంటివి దాచుకునే పాత కాఫీ డబ్బాలో నన్ను వెయ్యమనేవాడు. “అవతల పారెయ్యి,” అంటే, “అరడాలరు అరడాలరే,” అనేవాడు.

ఫిబ్రవరికి మా ఊరి వినెబేగో సరస్సు గట్టిగా గడ్డకట్టింది. ఊరంతా మంచు మీద గుడిసెలు వేసుకుని, బొరియలు తవ్వి, బల్లేలు పట్టుకుని పెద్ద స్టర్జన్ చేపల కోసం కూర్చుంది. మేమూ వెళ్ళాం. పక్క గుడిసెలోంచి డెల్మర్ పాత మిల్లు స్నేహితుడు అరిచాడు.

“ఏరా డెల్మర్, వెండి బాగా దొరుకుతోందట! అదివరకంటే ఇంట్లోనే గని ఉండేది. ఇప్పుడెవరిస్తున్నారు?”

చుట్టుపక్కల గుడిసెలు గొల్లుమన్నాయి. నాకు చెవులు కాలిపోయాయి. బల్లెం పట్టుకుని బయటికి పోబోయాను. డెల్మర్ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

“వాగనీలే.”

“నీకు రోషం లేదా? నీ పెళ్ళాన్ని దొంగ అంటున్నాడు!”

డెల్మర్ నా చేతిలోంచి బల్లెం తీసుకుని బొరియలోని నల్లటి నీళ్ళ మీదికి వంగాడు. మనిషి అంత నెమ్మది ఏమిట్రా భగవంతుడా అనుకున్నాను. అతనికి లేని రోషం కూడా నేనే పడ్డాను.

మార్చికి ముప్ఫై ఎనిమిది పెట్టెలు. ముప్ఫై ఎనిమిది చీటీలు. యంత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. రాత్రింబవళ్ళు పళ్ళు కొరుక్కున్నాను. ఆ పైన బుద్ధి వెలిగింది. యంత్రం లెక్క సరైనదే అయితే, తగ్గినవి యంత్రం దాటాక తగ్గాయి. సంచీల్లోంచి ఎవరో తీశారు. నేను తియ్యలేదు. నేలమాళిగ తాళం నాది కాక ఇంకొక్కరి దగ్గరే ఉంది. బ్రాండెల్ దగ్గర!

ఇన్నాళ్ళూ యంత్రం మీదున్న కసి అంతా తిరిగి మనిషి మీదికి వచ్చింది. చెప్పొద్దూ, ప్రాణం హాయిగా అనిపించింది. యంత్రాన్ని ద్వేషించడంలో తృప్తి లేదు. ముప్ఫై ఎనిమిది చీటీలూ జతచేసి, మీ మేనేజరే వెండి తింటున్నాడని పెద్దాఫీసుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను.

డెల్మర్ చదివి పాలిపోయాడు. “పంపకు.”

“ఎందుకు?”

“ఎందుకొచ్చిన గొడవ... వాళ్ళొచ్చి అన్నీ తవ్వుతారు.”

“తవ్వాలనే రాశాను,” అని స్టాంపు నాకి అంటించాను.

ఏప్రిల్‌లో పెద్దాఫీసు నుంచి మిసెస్ హాఫ్నర్ అని ఒకావిడ వచ్చింది. నన్ను పిలిపించి బ్రాండెల్ గదిలోనే కూర్చోబెట్టింది. బ్రాండెల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆరునెలల్లో మనిషి సగమయ్యాడు. నా ఉత్తరం వల్లే అని తెలిసి లోలోపల సంతోషించాను.

“మీ పని చూస్తే ముచ్చటేసిందమ్మా,” అంది ఆవిడ. “మా వాళ్ళే ఇంత శ్రద్ధగా యంత్రాన్ని పరీక్షించరు. కానీ ఒక్క విషయం మీకెవరూ చెప్పినట్టు లేదు. ఆ సంచీల్లో బిళ్ళలు తగ్గలేదు. సంఖ్య సరిగ్గానే ఉంది.”

“మరి తక్కువొచ్చాయన్నారు?”

“చెల్లనివి తీసేస్తే తక్కువొచ్చాయి.” నాలుగు కవర్లు చింపి బల్ల మీద బోర్లించింది. “ఇవి వాటిలో దొరికాయి. లాబీలో యంత్రం ఇలాంటివి లోపలికి తీసుకోదు. అంటే యంత్రం లెక్కపెట్టాక ఎవరో మంచివి తీసి, వాటి బదులు ఇవి వేశారు.”

వంకరవి. తూటు పడ్డవి. కాలి నల్లబడ్డవి. ఒకదాని మీద ఆకుపచ్చ గోళ్ళరంగు. ఇంకొకదాని వెనక సీసం ముద్ద అతికి ఉంది. ఎవరిదో బెల్టు బకిలు మీంచి ఊడదీసినది. ఆ సీసాన్ని కిందటేడు వేసవిలో మా వరండాలో కూర్చుని ఆకురాయితో గీకుతూ డెల్మర్ నాకు చూపించాడు. ఇదిక పోదే మార్లిస్, అన్నాడు.

“వీటిని ఎక్కడైనా చూశారా?” అని అడిగింది మిసెస్ హాఫ్నర్.

బ్రాండెల్ నా వైపు తిరిగాడు.

“లేదు,” అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి డెల్మర్ బల్ల దగ్గర గొట్టాలు తుడుచుకుంటున్నాడు. వెండి ఔన్సు నలభై ఎనిమిది డాలర్లకి వెళ్ళిందని రేడియోలో చెప్పారట. శనివారం పొద్దున్నే షాపుకి తీసుకెళ్ళి అమ్మేసి, పడవకి కొత్త మోటారు బిగిస్తానన్నాడు. అలమరలో కాఫీ డబ్బా దించి చూశాను. అడుగున నాలుగే ఉన్నాయి. అవీ ఈ చలికాలం నా చేత్తో నేను వేసినవే.

“ఇందులో ఉండేవి ఏవి?”

అతను డబ్బా వంకా నా వంకా చూశాడు. అబద్ధం ఆడటానికి కూడా ప్రయత్నించలేదు.

“వెండి బిళ్ళ తీసి బిళ్ళ పెట్టాను మార్లిస్. లెక్క తగ్గించలేదు. దాన్ని దొంగతనం అనరు.”

“చెల్లని బిళ్ళలు పెట్టావు!”

“అరడాలరు అని దాని మీదే రాసుంది. వాళ్ళు తీసుకోకపోతే నా తప్పా? బ్యాంకుకి పోయిందేముంది? ముప్ఫై నలభై డాలర్లు.”

“నేను పోయాను,” అన్నాను. “చలికాలమంతా నా పక్కన కూర్చున్నావు. నేను బిళ్ళలు లెక్కపెడుతుంటే చూశావు. ఆ మంచు మీద వాళ్ళు నవ్వుతుంటే విన్నావు.”

“చెబుదామనే అనుకున్నా. నువ్వు ఆ పెట్టెలు తెస్తూ ఉంటే...” మళ్ళీ గొట్టం తుడవసాగాడు.

వెండి దొరుకుతోంది కదా. ఎలా చెబుతాడు?

“రేపు పొద్దున్నే వెళ్ళి బ్రాండెల్‌కి చెప్పు.”

గొట్టాల మీదికి చెయ్యి పోయింది. “చెప్తా. శనివారం కానీ. ఇవి అమ్మేశాక చెప్తా. ముందే చెబితే ఇవి కూడా వాళ్ళవే అంటారేమో.”

ఇరవైతొమ్మిదేళ్ళు ఒక కంచం ముందు కూర్చున్న మనిషి. తన్ని తరిమెయ్యాలనిపించింది. గొంతు పిసకాలనిపించింది. ఆరునెలలు బ్రాండెల్ మీద పెంచుకున్న కసి అంతా మూటకట్టుకుని ఇంటికే వచ్చింది. అయినా గొంతు లేపలేదు. “సరే, అలాగే కానీ,” అన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. డెల్మర్ పడవ షెడ్డులో ఉండగా గొట్టాలన్నీ ఖాళీ చేశాను. వెండివి నాలుగు వందల పదిహేడు. బకెట్టు అడుగున అవి పోసి, ఇంకా యంత్రంలో పొయ్యని ఆఖరి పెట్టెలోంచి మామూలువి ఐదు వందల ఎనభైమూడు పైన పరిచాను. సరిగ్గా వెయ్యి. మూడుసార్లు లెక్కపెట్టాను. మూత పెట్టి పిలిచాను.

“దాచుకున్న డబ్బు తిరిగి బ్యాంకులో వేసేద్దాం. ఇదొక్కటే మిగిలింది. నా నడుము పట్టేసింది, ఎత్తు.”

ఎత్తాడు. ట్రక్కులో పెట్టాడు. బ్యాంకులోకి మోసుకొచ్చాడు. జోయెట్ చూసింది, ఇంకెవరో ఇద్దరు ముసలివాళ్ళు వరసలో నిలబడి చూశారు. మూత తీసి నేనే పోశాను.

పైన పరిచినవి పడుతున్నంతసేపూ రేకు మీద గులకరాళ్ళు పడ్డట్టు చప్పుడు. అవి అయిపోయాయి. అడుగువి పడటం మొదలైంది. వెండి మోగుతుంది. సన్నగా, తియ్యగా, వినేవాడి చెవికి స్పష్టంగా మోగుతుంది. టోపీ సర్దుకుంటున్న డెల్మర్ చెయ్యి అలాగే గాల్లో ఆగింది.

“మార్లిస్.”

ఇంకొంచెం వంచాను.

“మార్లిస్, అవి...”

“ఏవి?” అన్నాను గట్టిగా. “చెప్పు, ఏవి?”

వరసలో ఉన్న ముసలాయన ఇటు తిరిగాడు. డెల్మర్ నోరు మూసుకున్నాడు. బకెట్టు పూర్తిగా వంచేశాను. ఒక్క నిమిషం పట్టింది. యంత్రం చీటీ ఇచ్చింది. ఐదు వందల డాలర్లు, సున్నా సెంట్లు. తొట్టిలోకి ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ యంత్రానికి దండం పెట్టాలనిపించింది.

చీటీ డెల్మర్ కోటు జేబులో పెట్టాను. “సంచీ సోమవారం దాకా ఇక్కడే ఉంటుంది. కావాలంటే వెళ్ళి అతన్నడుగు.”

అడగడనుకున్నాను. నేను పోగొట్టుకున్న పేరుని ఆరునెలలు చూస్తూ ఊరుకున్న మనిషి, నాలుగు వేల డాలర్ల వెండిని ఆరు నిమిషాలు కూడా చూస్తూ ఊరుకోలేకపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గాజు గదిలోకి వెళ్ళాడు. తలుపు వెయ్యకుండా నేను గడపలో నిలబడ్డాను.

“పొరపాటున కొన్ని బిళ్ళలు మీ యంత్రంలో పడ్డాయి. ఆ అరడాలర్ల సంచీ మొత్తం కొనుక్కుంటాను,” అన్నాడు డెల్మర్.

“అమ్మను,” అన్నాడు బ్రాండెల్. మీ ఆవిడ నా మీద నాలుగు పేజీలు రాసింది అనలేదు కానీ, మొహంలో ఆ నాలుగు పేజీలూ కనిపించాయి. “ఎవరు పోశారు?”

“మా ఆవిడ.”

“మూడు లెక్కలు వేస్తేగాని ఒక్క బిళ్ళ పొయ్యదు ఆవిడ. పొరపాటున పోసిందా?”

“కాదు... కోపంతో.”

“ఎందుకు కోపం?”

డెల్మర్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ దీపం మూతలో రెండు ఈగలు చచ్చిపడి ఉన్నాయి.

చెప్పాడు. గురువారాలూ, వెనక తలుపూ, నేలమాళిగా, కాఫీ డబ్బా, అన్నీ. అయ్యో పాపం మార్లిస్ అని మాత్రం ఎక్కడా అనలేదు. సగంలో ఒకసారి ఆగి, “చెబితే సంచీ ఇస్తారు కదా?” అని అడిగాడు. బ్రాండెల్ కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. మొత్తం అయ్యాక ఫోనెత్తి మిసెస్ హాఫ్నర్‌కి చేశాడు. తలుపు తెరిచే ఉంది. జోయెట్ డబ్బు లెక్కపెట్టడం ఆపేసింది.

“ఆ సంచీల్లోంచి మార్లిస్ ఏమీ తియ్యలేదండీ,” అన్నాడు బ్రాండెల్. తరవాత నాకేసి చూస్తూ ఇంకా గట్టిగా అన్నాడు. “అవును. ఒక్క బిళ్ళ కూడా. నేను అన్నది తప్పు.”

ఫోను పెట్టేశాక నాతో అన్నాడు: “ఉద్యోగం మాత్రం తిరిగి రాదు. వెనక తలుపు తీసింది మీరే.”

“తెలుసు,” అన్నాను.

డెల్మర్ ఇంకా టోపీ నలుపుతూ నిలబడే ఉన్నాడు. “మరి నా సంచీ?”

“సోమవారం పెద్దాఫీసు బండిలో వెళ్ళిపోతుంది,” అన్నాడు బ్రాండెల్. “అందరి సంచీల్లాగే.”

ఆ చలికాలం మొత్తంలో బ్రాండెల్ మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే. ఖాళీ బకెట్టు డెల్మర్ చేతికిచ్చి, ట్రక్కు తాళాలు నేను తీసుకుని, ఒక్కదాన్నే చేపల విందుకి వెళ్ళాను.